గోడ మీద వీపు మరక

జనవరి 9

పిచుకా,

మీ అమ్మమ్మ క్షేమసమాచారాలన్నీ ఫోనులో పూస గుచ్చినట్టు చెప్పేసింది. నీకు జలుబు తగ్గిందనీ, కొత్త చెప్పులు కరుస్తున్నాయనీ, లెక్కల టీచరు నిన్ను క్లాసులో మెచ్చుకున్నారనీ తెలిసింది. కాబట్టి వాటి జోలికి పోను. మనిద్దరం ఫోనెత్తితే చాలు గొంతులు లేస్తున్నాయనీ, ఇక మీదట ఉత్తరాలే రాసుకోవాలనీ ఆవిడ తీర్పు ఇచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు రాయడానికి కూర్చుంటే బాగానే ఉంది. కాగితం మాటకి మాట అడ్డు చెప్పదు, తలుపు ధడాలున వేసుకుని పోదు.

నా పని గురించి నువ్వెప్పుడూ అడగవు, అయినా చెబుతాను. ఇక్కడ అన్నీ అయిదారంతస్తుల ఇళ్ళు. వాటి మధ్య వాడకం లేని పాత పంపుహౌసు ఒకటుంది. ఒక పొడుగాటి గది, ముందు రోడ్డు వైపు కాస్త జాగా, వెనక ఇంకాస్త జాగా. దాన్ని నీ ఈడు పిల్లలు కూర్చునే చోటుగా మార్చమని మునిసిపాలిటీ వాళ్ళు మా ఆఫీసుకి అప్పగించారు. ఈ పేటలో చిన్నపిల్లలకి ఉయ్యాలలున్నాయి, పెద్దవాళ్ళకి బెంచీలున్నాయి. మధ్యవాళ్ళు ఎక్కడ నిలబడ్డా "ఇక్కడేం పని?" అని అడిగేవాళ్ళే. కొట్టు మెట్ల మీద కూర్చుంటే కొట్టువాడు నీళ్ళు చల్లుతాడు. పార్కులో బంతి తీస్తే వాచ్‌మన్ ఈల వేస్తాడు.

నేను పని మొదలుపెట్టే పద్ధతి నీకు తెలుసు. ముందు గోడలు చూస్తాను. పిల్లలు ఎక్కడ చేరతారో అక్కడ గోడ మీద వీపుల మరకలు పడతాయి, కింద మడమల గీతలుంటాయి. మనుషులు మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు గాని గోడకి మొహమాటం ఉండదు. తీరా చూస్తే ఇక్కడి సంఘం అధ్యక్షుడు, రిటైరైన ఆఫీసరు, శుభ్రత పిచ్చోడు. మరక కనిపిస్తే చాలు, సున్నం కొట్టించేస్తాడు. పేటంతా తిరిగినా ఒక్క మరక దొరకలేదు. పోనీ అని పిల్లల్ని పిలిచి మీకేం కావాలని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎప్పుడూ చంకలో బంతితో తిరిగే పొడుగాటివాడు "వైఫై" అన్నాడు. అందరూ నవ్వారు, సభ ముగిసింది.

అందుకే నిన్ను అడుగుతున్నాను. చదువుకోవడానికీ తినడానికీ కాకుండా ఊరికే కూర్చోవాలనిపిస్తే నువ్వెక్కడ కూర్చుంటావు? ఎందుకు అక్కడే? వివరంగా రాయి.

వేసవి సెలవులకల్లా ఇది ముగించి వచ్చేస్తాను. ఆ తరవాత మళ్ళీ ఎక్కడికీ వెళ్ళను. నీ మీద చాలా బెంగగా ఉంది. ఈ వాక్యం కొట్టేద్దామనుకుని ఉండనిచ్చాను.

ఉంటాను,
మీ అమ్మ


జనవరి 20

అమ్మా,

అమ్మమ్మ నా భుజం మీదుగా చదువుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకర పోతే తప్పు నాది కాదు. చెప్పుల గురించి నీకు ఫోనులో చెప్పిన మనిషి, అవి కొనేటప్పుడు కరుస్తాయని నేను ఏడ్చి మొత్తుకుంటే వినలేదు. అది చెప్పి ఉండదు.

నువ్వడిగిన సంగతి. నేను మన మెట్ల మలుపులో కూర్చుంటాను. మన అంతస్తుకీ కింది అంతస్తుకీ మధ్య జాలీ కిటికీ ఉంది కదా, అక్కడ. బడి నుంచి వచ్చి సంచీ పడేసి అక్కడికే వెళ్తాను. వీపు గోడకి ఆనించి కాళ్ళు కటకటాలకి తన్నిపెడితే సరిగ్గా సరిపోతుంది. పైన పసుపు బల్బు ఉంటుంది. ట్యూబులైటు అయితే ఆస్పత్రిలో ఉన్నట్టుంటుంది. జాలీలోంచి రోడ్డంతా మలుపు దాకా కనిపిస్తుంది. బస్సు వచ్చి ఆగడం, ఎవరెవరు దిగుతున్నారో, అన్నీ కనిపిస్తాయి. వాళ్ళకి మాత్రం నేను కనిపించను. కింద ఇంటి టైలరుగారు మూటలు మోసుకుంటూ పోతూ "కాస్త జరగమ్మా" అంటారు, అంతే. ఇక్కడేం పని అని ఎవరూ అడగరు.

నీకిష్టమైన మరక కూడా ఉంది. నా తలనూనె అంతా గోడే తాగేసిందని అమ్మమ్మ తిడుతోంది. రంగు వేయిస్తానంటే వద్దన్నాను.

వేసవి అన్నావు. గుర్తుపెట్టుకున్నాను.

నీ కూతురు


ఫిబ్రవరి 2

పిచుకా,

నువ్వు రాసినది బంగారం. ఇన్నాళ్ళూ చీకట్లో తడుముకుంటున్న మనిషికి దీపం ఇచ్చినట్టయింది. అందులోనూ మరక ఉందన్నావు చూడు, అక్కడ నాకు అనుమానాలన్నీ తీరిపోయాయి.

మొన్న పేట సభ జరిగింది. అధ్యక్షుడుగారు గదినిండా చదువుకునే బల్లలు వేయాలనీ, గోడకి నియమాల బోర్డు పెట్టాలనీ ఒకటే పట్టు. ఆ నియమాల్లో నవ్వకూడదన్నది ఒక్కటే తక్కువ. నేను లేచి నీ ఉత్తరం చదివాను. బల్బు దగ్గర్నుంచి "కాస్త జరగమ్మా" దాకా మొత్తం. వెనక కూర్చున్న తల్లులు తలలూపారు. అధ్యక్షుడుగారు కళ్ళజోడు తుడుచుకుని, సరే మీ ఇష్టప్రకారం కానివ్వండి అన్నారు. ఆ క్షణంలో నువ్వు నా పక్కన ఉండాల్సింది.

ఇప్పుడు ప్లాను అంతా మారిపోయింది. రోడ్డు వైపు జాగాలో మెట్లు మెట్లుగా పెద్ద అరుగు కడుతున్నాం. వీపుకి గోడ, కాళ్ళు తన్నిపెట్టడానికి కటకటాలు, ముందు ఇటుకల జాలీ, పైన పసుపు దీపాలు. రోడ్డంతా కనిపిస్తుంది, కూర్చున్నవాళ్ళు కనిపించరు. ఎవరొస్తున్నారో మనకి తెలియాలి, మనం ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు. మీ ఈడు రహస్యమంతా ఇంతేనని నాకు అర్థమైపోయింది.

ఇంతకీ ఆ బస్సు దిగేవాళ్ళలో ప్రత్యేకంగా ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పు, కోప్పడను. ఊరికే అడుగుతున్నాను.

ఇంకో సంగతి. తవ్వుతుంటే పంపుహౌసు కింద పాత గొట్టాలు బయటపడ్డాయి. అవి తీసేదాకా గోడ లేపడానికి లేదు. వేసవి కాస్త దాటేలా ఉంది. వానలు మొదలయ్యేలోపు వచ్చేస్తాను.

ఉంటాను,
మీ అమ్మ


ఫిబ్రవరి 15

అమ్మా,

నా ఉత్తరం సభలో చదివావా? అధ్యక్షుడుగారికీ, ముక్కూమొహం తెలియని తల్లులకీ నా తలనూనె గురించి వినిపించావా? నేను నీకు రాశాను. నీకొక్కదానికి. అమ్మమ్మకే చెయ్యి అడ్డం పెట్టిన దాన్ని నువ్వు మైకులో చదివావు.

మైకు లేదని రాస్తావేమో, రాయకు.

బస్సు సంగతి అడిగావు. అవును, ప్రత్యేకమైన మనిషి ఉన్నారు. చెప్పను.

వేసవి గురించి పరవాలేదు. నేను బాగానే ఉన్నాను. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అని నీకు రాయమని అమ్మమ్మ చెప్పింది. రాశాను. అది ఆవిడ మాట, నాది కాదు.

నీ కూతురు


ఏప్రిల్ 4

పిచుకా,

మైకు నిజంగానే లేదు. అయినా సిగ్గుపడాల్సినదేముంది? నీ పేరు చెప్పలేదు, మా అమ్మాయి అని మాత్రం అన్నాను. అది కూడా అనకుండా ఉండలేకపోయాను.

ఇక అసలు సంగతి. ఆ ప్రత్యేకమైన మనిషి గురించి ఇన్ని వారాలూ ఆలోచిస్తూనే ఉన్నాను. వెంటనే రాస్తే ఉత్తరంలోనూ అరుస్తానని ఆగాను. నీ వయసులో ఇవన్నీ మామూలే, నాకు తెలియకపోలేదు. కానీ ఒక అబ్బాయి కోసం రోజూ మెట్ల మీద కూర్చుని రోడ్డు చూడటం నాకు నచ్చలేదు. వాడికి అంత విలువ ఇవ్వకు. రావాల్సినవాళ్ళు వాళ్ళే వస్తారు. నువ్వు నీ పని చూసుకో. ఆ వేళకి ఓ పుస్తకం పట్టుకో, లేదా నేస్తాలతో బయటికి వెళ్ళు. ఇది కోపంగా రాస్తున్నది కాదు. నేను అక్కడుంటే నీ పక్కన ఆ మెట్టు మీదే కూర్చుని చెప్పేదాన్ని.

వేసవికి రాలేకపోతున్నానని రాసేటప్పుడు నా చెయ్యి ఆడలేదు. నువ్వు పరవాలేదు అనేసరికి గుండె తేలికైంది. పెద్దదానివయ్యావు. మీ నాన్న పోయినప్పుడు నా కొంగు వదలని పిల్ల ఇవాళ నాకే ధైర్యం చెబుతోంది.

ఆ ధైర్యంతోనే ఇది కూడా అడుగుతున్నాను. ఇక్కడి అరుగు బొమ్మ చూసి పక్క పేటవాళ్ళు కూడా అలాంటిదే కావాలంటున్నారు. ఆ పని కూడా నన్నే చూడమంటున్నారు. ఒప్పుకుంటే మరో ఏడాది పైన పడుతుంది. మధ్యలో వచ్చిపోతుంటాను. నీకు అభ్యంతరం లేకపోతేనే.

ఉంటాను,
మీ అమ్మ


ఏప్రిల్ 16

అమ్మా,

నీ ఇష్టం.

చెప్పులు కరవడం మానేశాయి. అమ్మమ్మ మోకాలికి కొత్త మందు రాశారు. పరీక్షలు బాగా రాశాను.

నీ కూతురు


జూన్ 18

పిచుకా,

నీ పొట్టి ఉత్తరం చూసి పరీక్షల హడావుడి అనుకున్నాను. తరవాత ఇక్కడి హడావుడిలో నేనూ రాయలేదు. ఇవాళ రాస్తున్నది మాత్రం రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే.

పంపుహౌసు తెరిచాం. లోపలి గది పిల్లలకి నచ్చింది. పొడుగాటి బంతి కుర్రాడు బంతితోపాటు ఓ పాత రేడియో కూడా తెచ్చి పెట్టాడు. కానీ నేను ప్రాణం పెట్టి కట్టించిన అరుగు మీద పిట్ట కూడా వాలటం లేదు. జాలీ అందంగా వచ్చింది, పసుపు దీపాలు వెలుగుతున్నాయి, గోడ తెల్లగా ఉంది. ఆ తెలుపు చూస్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది. ఒక్క మరక పడితే ఒట్టు.

మరి పిల్లలెక్కడున్నారంటే, వెనక. గోడ కట్టగా మిగిలిన ఇటుకలు, చిరిగిన సిమెంటు సంచులు పడేసిన చోట, రోడ్డుకి వీపు పెట్టి, ఒకరి మీద ఒకరు పడి కూర్చుంటున్నారు. చూసేందుకు అక్కడేముంది? పక్క ఇంటి వెనక గోడ, ఒక నీళ్ళ గొట్టం. అప్పుడే ఆ గోడంతా మరకలు. అధ్యక్షుడుగారు సున్నం డబ్బా సిద్ధం చేశారు. నేను బతిమాలి ఆపాను.

ఆగలేక వాళ్ళలో ఓ కళ్ళజోడు పిల్లని పట్టుకుని అడిగాను. వాళ్ళందరిలోకీ నోరున్నది ఆమెకే. ఆ పిల్ల ఏమందో తెలుసా?

"అక్కడ కూర్చుంటే మా నాన్న, మా టీచరు, అందరూ పోతూ కనబడతారు ఆంటీ. వాళ్ళని చూడకుండా ఉండాలనే కదా ఇక్కడికొచ్చేది. అయినా ఎవరొస్తారని రోడ్డు చూడాలి? మావాళ్ళంతా ఇంట్లోనే ఉన్నారుగా."

సరేలే అని పంపేశాను. మనసులో మాత్రం ఎంత పొగరనుకున్నాను.

నీ మాట నమ్మి కట్టాను. పక్క పేటలోనూ ఇదే కట్టబోతున్నారు, కాగితాల మీద సంతకం ఒక్కటే మిగిలింది. మీ ఊరి పిల్లలకి నచ్చినది ఈ ఊరి పిల్లలకి ఎందుకు నచ్చలేదో నాకు అంతు చిక్కడం లేదు. నువ్వూ నీ నేస్తాలూ అక్కడ ఎలా కూర్చుంటారు, ఎంతమంది, ఏం మాట్లాడుకుంటారు, మళ్ళీ వివరంగా రాయి. ఈసారి ఎవరికీ చదివి వినిపించను.

ఉంటాను,
మీ అమ్మ


జూన్ 27

అమ్మా,

ఇది నాలుగోసారి రాయడం. అమ్మమ్మ ఇవాళ భుజం మీదుగా చదవడం లేదు. నా మొహం చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేనూ నా నేస్తాలూ అక్కడ ఎలా కూర్చుంటామని అడిగావు. నా నేస్తాలెవరూ అక్కడ కూర్చోరు. ఒక్కసారి కూడా కూర్చోలేదు. వాళ్ళు స్టేషనరీ కొట్టు వెనక సైకిలు స్టాండులో చేరతారు. అక్కడ కంపు కొడుతుంది, దోమలుంటాయి, రోడ్డు కనిపించదు. నీ కళ్ళజోడు పిల్ల చెప్పినదే కరెక్టు. మా ఈడు పిల్లలు అలాంటి చోటే కూర్చుంటారు. నన్ను కూడా రమ్మంటారు. నేను వెళ్ళను. అక్కణ్ణుంచి మలుపు కనిపించదు కాబట్టి వెళ్ళను.

నువ్వెక్కడ కూర్చుంటావని అడిగావు, నేను నా సంగతి రాశాను. నువ్వది అందరి పిల్లలదీ అనుకున్నావు. అది ఒక్క నాదే అమ్మా. నువ్వు వెళ్ళిన రోజు నీ బస్సు ఆ మలుపు తిరిగింది. వస్తే అక్కడే తిరగాలి. ఆ బస్సు దిగాల్సిన మనిషివి నువ్వే. అబ్బాయీ లేడు, ఎవడూ లేడు. ఆ పాఠమంతా ఒక పేజీ నిండా రాశావు చూడు, వాడికి అంత విలువ ఇవ్వకు, రావాల్సినవాళ్ళు వాళ్ళే వస్తారని. అది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మమ్మకి చూపిస్తే ఆవిడ ఏడ్చింది.

పరవాలేదని అబద్ధం రాశాను. నీ ఇష్టం అన్నది కూడా అబద్ధమే. నువ్వు రావాలి, ఇక్కడే ఉండాలి, అది నా ఇష్టం. నువ్వు నా ఉత్తరం సభలో చదివావని కోపం కాదు నాకు. నేను కూర్చునే చోటు లాంటిదే కట్టి వేరే పిల్లలకి ఇచ్చావు, నేను ఎందుకు కూర్చున్నానో మాత్రం అడగలేదు. ఎందుకు అక్కడే అని మొదటి ఉత్తరంలో రాశావు, నిజమే. కానీ అది పని కోసం అడిగావు.

ఇది చదివి రెండు రోజుల కోసం పరిగెత్తుకు రావద్దు. పోయినేడు అలా వచ్చినప్పుడు సంచీ కూడా విప్పలేదు, బట్టలు అందులోంచే తీసుకుని అందులోనే పెట్టుకున్నావు. అలా వచ్చేట్టయితే ఉత్తరమే రాయి.

నీ కూతురు


జులై 8

తల్లీ,

నీ ఉత్తరం పంపుహౌసు దగ్గర ఉండగా అందింది. ఎక్కడైనా కూర్చుని చదవాలి కదా, ఖాళీగా ఉన్నది ఆ అరుగే. దాని మీద కూర్చున్న మొదటి మనిషిని నేనే అయ్యాను. చదవడం అయ్యాక జాలీలోంచి రోడ్డు వైపు చూశాను. కూరల బండి వెళ్ళింది, స్కూటర్లు వెళ్ళాయి, ఎవరెవరో వెళ్ళారు. అందులో నాకు కావాల్సినవాళ్ళు ఒక్కరూ లేరు. అలా చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఏడ్చాను. బంతి కుర్రాడు మంచినీళ్ళు తెచ్చిచ్చి ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

నీకు క్షమాపణ చెబుతూ నాలుగు పేజీలు రాయగలను. నాకు మాటలకేం కొదవ లేదని నీకు తెలుసు. అందుకే రాయను. జరిగిన పనులు చెబుతాను.

పక్క పేట పని వద్దన్నాను. నా కింద పనిచేసే అమ్మాయికి అప్పగించారు. ఆ పిల్ల మొదటి రోజే పిల్లల వెనకాల నడుచుకుంటూ పోయి వాళ్ళు ఎక్కడ ఆగుతారో చూసి వచ్చింది. నాకంటే బాగా చేస్తుంది. ఇక్కడ వెనక జాగాకి ఎండా వానా తగలకుండా ఒక రేకు వేయించాం, అంతే. ఇటుకలు కూడా తీయవద్దన్నారు పిల్లలు. అధ్యక్షుడుగారు ముందు అరుగు మీద పూలకుండీలు పెట్టుకుంటానంటే సరేనన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది, పాపం.

మా ఆఫీసువాళ్ళతో తాడో పేడో తేల్చుకున్నాను. ఇక మీదట బొమ్మలు గీసే పని మన ఇంట్లో కూర్చుని చేస్తాను. తప్పనిసరి అయితే ఎప్పుడైనా ఓసారి వచ్చి చూసి వెళ్తాను. వాళ్ళు సణుగుతున్నారు, సణగనీ. జీతం తగ్గుతుంది, మీ అమ్మమ్మకి నేనే చెప్పుకుంటాను.

సామాను కట్టడం అయిపోయింది. తేలనిది నా డ్రాయింగు బల్ల ఒక్కటే. ఇక్కడ అడిగేవాళ్ళున్నారు, ఇచ్చేయవచ్చు. కానీ అది లేకుండా నేను అక్కడ ఉండి పనిచేయలేను. మన గదిలో కిటికీ కింద అది పడుతుందేమో కొలిచి రాయి. పొడుగు నేను రెండు చేతులూ చాపినంత. నీ జవాబు వచ్చాకే లారీవాడికి చెబుతాను.

మీ అమ్మ


జులై 16

అమ్మా,

నువ్వు చేతులు చాపితే ఎంతో కొలవడానికి నువ్వు ఇక్కడ లేవు. అమ్మమ్మ నన్ను గోడకి నిలబెట్టి చేతులు చాపమంది. చూసి, నువ్వూ నేనూ ఇప్పుడు ఒకే పొడుగన్నది. కాబట్టి నా చేతులతోనే కొలిచాను.

కిటికీ కింద పట్టదు. మంచం అడ్డొస్తోంది.

మంచం జరిపేశాను. నేనొక్కదాన్నే జరిపాను, నేల మీద గీతలు పడ్డాయి, అమ్మమ్మ తిట్టలేదు. ఇప్పుడు పడుతుంది. లారీవాడికి చెప్పు.

నీ కూతురు